మెల్లగా అరవండి

మా ఇంట్లో నన్ను గయ్యాళి అంటారు. నేను ఫోన్లో మాట్లాడితే పక్కింటివాళ్లకు మా కబుర్లన్నీ తెలిసిపోతాయి. అందుకే ఆఫీసులో ఆడవాళ్లకు ఆత్మరక్షణ శిక్షణ అన్నప్పుడు, నాకేం నేర్పుతారులే అనుకుంటూ వెళ్లాను.

నేర్పడానికి వచ్చినావిడ, "చెయ్యి తర్వాత, ముందు గొంతు. అరవండి" అంది. ముప్ఫైమందిమి ఒక్కసారిగా అరిచాం. వెంటనే హెచ్చార్ అమ్మాయి తలుపు తోసుకొచ్చింది. "ప్లీజ్, కొంచెం మెల్లగా అరవండి. పక్క రూములో క్లయింట్ కాల్ నడుస్తోంది." ఇక గంటసేపు చప్పుడు లేకుండా నోళ్లు తెరిచి మూశాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

నెల తిరగకుండానే ఒక సాయంత్రం, కొండాపూర్‌లో షేర్ ఆటో దిగి హాస్టల్‌కు నడుస్తున్నాను. ఇంకా వెలుతురుంది. కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రోడ్డు పొడవునా నీలం రేకులు పాతారు. అక్కడ ఒక్క షాపు కూడా లేదు. నాకు కాస్త ముందు ఒక అమ్మాయి, మెడలో ఆఫీసు కార్డుతో నడుస్తోంది. బైకు మీద ఒకడు మమ్మల్ని దాటి వెళ్లాడు. తిరిగొచ్చాడు. మళ్లీ దాటి, ఈసారి ఆ అమ్మాయికి అడ్డంగా బండి ఆపి చెయ్యి పట్టుకున్నాడు.

అరవాలి. నోరు తెరిచాను కూడా, శిక్షణలో తెరిచినట్టే. చప్పుడు రాలేదు. ఆ అమ్మాయి విదిలించుకుంటోంది, వాడు లాగుతున్నాడు, నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే, వాడు నా వైపు తిరిగితే ఎలా అన్న భయం ఒక్కటే ఉంది నాలో.

"ఎవడ్రా నువ్వు! ఆడపిల్ల మీద చెయ్యేస్తవా? ఆగు, పార వట్టుకొస్తున్న!"

నా పక్కనున్న రేకుల వెనక నుంచి, ఎవరో కూలావిడ. వాడు బైకెక్కి పారిపోయాడు. రేకుల సందులో సిమెంటు అంటిన చెయ్యి ఒకటి కనిపించి మాయమైంది.

అమ్మాయి పరుగున వచ్చి నన్ను కరుచుకుంది. "మీరు అరవకపోతే ఏమైపోయేదాన్నో అండీ!"

నేను కాదమ్మా అనాలి. ఆ మాటకూ గొంతు పెగల్లేదు. తల ఊపాను.

ఆ కూలావిడను వెతుక్కుంటూ వెళ్లి దండం పెట్టాలని చాలాసార్లు అనుకున్నాను. సిగ్గేసి వెళ్లలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి రోజూ సాయంత్రం ఆటోలు ఆగేచోట నా కోసం కాచుకుని ఉంటుంది. "మీరుంటే నాకు భయం లేదండీ" అంటుంది. నిశ్చింతగా చెవుల్లో పాటలు పెట్టుకుని నా పక్కన నడుస్తుంది. నాకు మాత్రం ఆటో దిగకముందే నోట్లో తడి ఆరిపోతుంది.

పోయిన వారం అక్కడ పని ఆగిపోయింది. కూలీలంతా వేరే చోటికి వెళ్లిపోయారు. రేకులు అలాగే ఉన్నాయి.