కుసుమకుమారి పేరు మీద తీసిన ఎక్స్‌రే

పెదజాలరిపేటలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివిన మొదటి ఆడపిల్ల కుసుమకుమారి. ఆ సంగతి ఆమె ఎక్కడా చెప్పుకునేది కాదు. ఆమె బదులు అప్ప పైడితల్లి చెప్పేది. తెల్లారగట్ల రేవులో వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఎం.వి.పి. కాలనీ వీధుల్లో తిరుగుతూ, వంజరం ముక్కలు కోస్తూనే “మా సెల్లి ఇంగ్లీసు సెప్తాది” అని కొనేవాళ్ల చెవిన వేసేది.

తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఒక తుఫానులో వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆరేళ్లు పెద్దదైన పైడితల్లే చెల్లెల్ని పెంచింది. కుసుమ డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా సాయంత్రమైతే జ్వరం, ఎడతెగని దగ్గు పట్టుకున్నాయి. ఛాతీ ఆసుపత్రిలో టీబీ అన్నారు. పేటలో ఎవరికీ చెప్పకుండా పైడితల్లి ఆమెను ఇంట్లోనే ఉంచుకుని మందులు మింగించింది. ఉన్నది ఒక్క గది. ఆ గదిలోనే వంట, ఆ గదిలోనే పడక. చెల్లెలు తినలేక వదిలేసిన కంచంలో అన్నం అప్ప తినేసేది. జబ్బు నయమైంది. ఊపిరితిత్తి పైభాగాన చిన్న మచ్చ మిగిలిందని, అది ఇంక ఏమీ చెయ్యదని డాక్టరు చెప్పి పంపించాడు.

చదువయ్యాక కుసుమ గాజువాక దాటాక ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. స్టీల్‌ప్లాంటు ఉద్యోగుల పిల్లలు చదివే స్కూలది. రోజూ రెండు బస్సులు మారి వెళ్లి, రెండు బస్సులు మారి వచ్చేది. అక్కడ ఆమెతో పనిచేసిన భ్రమరాంబ మాల్దీవులు వెళ్లిపోయి, సెలవులకు వచ్చినప్పుడు అక్కడి కబుర్లు చెప్పింది. చుట్టూ సముద్రం, చిన్న బడి, టీచరంటే గౌరవం. సముద్రమే కదా, నాకు కొత్తా అనుకుంది కుసుమ. 2003లో ద్వారకానగర్‌లోని ఒక ఏజెన్సీకి వెళ్లింది.

అక్కడి దేవీప్రసాద్ మర్యాదస్తుడు. ఇంటర్వ్యూలో కుసుమ ఇట్టే ఎంపికైంది. ఆ తరవాత అతను కావలసినవన్నీ వరసగా చెప్పాడు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లకు ముద్రలు, పోలీసు వాళ్ల దగ్గర నుంచి కాగితం, ఆపైన వైద్య పరీక్షలు. రక్తం సంగతి పెద్దగా పట్టించుకోనక్కర్లేదని, ఛాతీ ఎక్స్‌రేలో ఏదైనా కనబడితే మాత్రం వర్క్ పర్మిట్ రాదని, తను కూడా ఏమీ చెయ్యలేనని అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి కుసుమకు అన్నం సయించలేదు. ఆ మచ్చ సంగతి అతన్నే అడిగి ఉంటే పోయేది. అడగడానికి నోరు రాలేదు.

ఇంటికి వచ్చి అప్పకు చెప్పింది. పైడితల్లి కాసేపు ఆలోచించి, “నా బొమ్మ తీయించేసుకో. నా గుండెకేటి, రాయిలాగుంది” అంది. అప్పే అంది తప్ప తను అడగలేదని కుసుమ తరవాత ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకుంది. కానీ ఆ మాట కోసమే చెప్పానని ఆమెకు తెలుసు.

రక్తం కుసుమే ఇచ్చింది. ఎక్స్‌రే తీసేది వేరే వీధిలో. అక్కడ చీటీ మీది పేరు పిలవడమే తప్ప మొహం చూసేవాళ్లు లేరు. “కుసుమకుమారి” అని పిలవగానే పైడితల్లి లేచి, కట్టుకున్న చెల్లెలి చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ లోపలికి వెళ్లింది. బయటికొచ్చి, ఊపిరి బిగబట్టమన్నారని చెప్పి నవ్వింది.

మూడు రోజుల తరవాత రిపోర్టు కోసం కుసుమ ఒక్కతే వెళ్లింది. డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి చూపించాడు. కుడివైపు పైన మబ్బు పట్టినట్టు ఉంది. ఇది పాతది కాదమ్మా, ఇప్పుడు నడుస్తున్న జబ్బు, వెంటనే కళ్లె పరీక్ష చేయించుకుని మందులు మొదలుపెట్టు, ఇంట్లో పిల్లలుంటే దూరంగా ఉండు అన్నాడు. కుసుమ తలూపింది. అతను మాట్లాడుతున్నది తనతోనే అయినా, ఆ మాటలన్నీ పైడితల్లికి చెప్పాల్సినవి.

సంగతి తెలిసిన దేవీప్రసాద్, ఒక్కోసారి ఫిల్ము సరిగ్గా రాదని, ఇంకోచోట తీయించమని సలహా ఇచ్చాడు. ఈసారి మార్చుకోవడానికి ఎవరూ లేక కుసుమ తన ఛాతీయే చూపించుకుంది. అక్కడి పెద్ద డాక్టరు ఆ మచ్చను చూసి, ఎప్పుడో మానిపోయిందన్నాడు. ఛాతీ ఆసుపత్రి పాత కాగితం, కళ్లె పరీక్ష చూసి, పనికొస్తుందని రాసి సంతకం పెట్టేశాడు. అసలు మొదట తన బదులు అప్పను నిలబెట్టాల్సిన అవసరమే లేదన్నమాట.

మొదటి రిపోర్టు తెచ్చుకున్న సాయంత్రం కుసుమ ఇంటికి వెళ్లేసరికి పైడితల్లి గుమ్మంలో కూర్చుని కూతురు గంగకు జడ వేస్తోంది. గంగకు అయిదేళ్లు. పైడితల్లి మొగుడు సింహాద్రి బోటు మీద వేటకు వెళ్లి రెండు వారాలవుతోంది.

“ఏటే, నా బొమ్మ బాగొచ్చిందా?” అని అడిగింది పైడితల్లి.

“బాగొచ్చిందప్పా,” అంది కుసుమ.

అలా ఎందుకందో ఆ క్షణాన ఆమెకు తెలియదు. తరవాత తెలిసింది. అప్ప మంచాన పడితే చూడడానికి తను తప్ప ఎవరూ లేరు. జనవరిలో అక్కడ బడి తెరుస్తారు. ఇప్పుడు చెబితే ప్రయాణం ఆగిపోతుంది. ముందు పర్మిట్ చేతికి రానీ, అప్పుడు చెబుదాం అనుకుంది. ఆ లోపల ఎన్నో సర్దిచెప్పుకుంది. దేవీప్రసాద్ అన్నట్టు ఫిల్మే తప్పేమో. అప్ప చేపల గంప మోస్తూనే ఉంది కదా. అప్పకు పట్టిన దగ్గు చలికాలం దగ్గేమో. కానీ పైడితల్లి రాత్రిళ్లు దగ్గితే కుసుమ గోడవైపు తిరిగి పడుకునేది. గంగ తల్లి కంచంలో చెయ్యి పెడితే పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకునేది. పిల్ల మళ్లీ తల్లి దగ్గరికే పోయేది.

దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. పర్మిట్ వచ్చింది. దేవీప్రసాద్ ఫోను చేసి టిక్కెట్టు కూడా ఖాయమైందన్నాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం పైడితల్లి గంప సగం అమ్మకుండానే దించుకుని ఇంటికి వచ్చేసింది. మెట్టెక్కలేక కూర్చుండిపోయింది. రవిక భుజాల దగ్గర వదులై వేలాడుతోంది. అంత చిక్కిపోయిందని కుసుమ అప్పుడే చూసిందంటే అది అబద్ధం. చూస్తూనే ఉంది.

మర్నాడు ఉదయం స్కూలుకు సెలవు పెట్టి, దగ్గు ఎక్కువైంది కదా ఒకసారి చూపించుకుందామని అప్పను ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎక్స్‌రే సంగతి బయటపడకుండానే మందులు మొదలైపోతాయని ఆశ. లోపల ఒక పెద్దావిడ డాక్టరు ఓపికగా అన్నీ అడిగింది. దగ్గు ఎన్నాళ్ల నుంచి, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా వచ్చిందా, ఈ మధ్య ఎక్స్‌రే ఏమైనా తీయించారా.

“తీసినారు తల్లీ. బాగానే వొచ్చింది,” అని పైడితల్లి చెల్లెలి వైపు చూసింది. “ఏటే కుసుమా, సెప్పు.”

అవునని ఒక్క మాట అంటే చాలు. అప్ప నమ్మేసింది, డాక్టరమ్మ కూడా నమ్ముతుంది.

“బాగా రాలేదప్పా,” అంది. “నాను అబద్దం సెప్పినాను.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. కుసుమ జరిగిందంతా చెప్పింది, ఎవరి పేరు మీద ఎవరి ఎక్స్‌రే అన్నదీ, వెళ్లడం ఆగిపోతుందని చెప్పలేదన్నదీ. పైడితల్లి మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక, ఎప్పుడు తెలిసింది అని మాత్రం అడిగింది. దసరా ముందని కుసుమ చెప్పింది.

“నాకైతే పర్నేదే,” అంది పైడితల్లి. “గంగ గుంట నా పక్కలోనే పడుకుంటాది గదా.”

ఆమె అంతకు మించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కుసుమకు అనిపించింది.

పైడితల్లి కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. గంగను కూడా తీసుకొచ్చి చూపిస్తే, మెడ పక్కన గడ్డలు ఉన్నాయి. పిల్లకూ మందులు రాశారు. దానికి ఎవరి నుంచి వచ్చిందని డాక్టరమ్మ అడగలేదు. అప్పకు ఎవరి నుంచి వచ్చి ఉంటుందో కుసుమ అప్పటికే లెక్క వేసుకుంది. ఆ ఒక్క గదిలో తను వదిలేసిన కంచం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

కుసుమ వెళ్లనని చెప్పడానికి ద్వారకానగర్ వెళ్లింది. దేవీప్రసాద్ మొదట కోప్పడ్డాడు, తరవాత జాలిపడ్డాడు, చివరికి ఆ చోటును వేరే ఒకాయనకు ఇచ్చేశాడు. ఇంట్లో పైడితల్లి దానికి సంతోషించలేదు. “నువ్వెల్లిపో. ఇక్కడ నా మొకం సూసుకుంటా కూకుంటే నాకేటొస్తాది?” అంది. అది కోపమో, నిజంగానే వెళ్లమనడమో కుసుమకు తెలియలేదు. వెళ్లలేదు.

వారానికి మూడుసార్లు అప్పను మందులిచ్చే కేంద్రానికి తీసుకెళ్లేది. అక్కడివాళ్ల ఎదుట మాత్రలు మింగేదాకా పక్కన నిలబడేది. గంగకు మాత్ర పొడిచేసి పంచదార కలిపి పెట్టేది. పిల్ల ఉమ్మేస్తే మళ్లీ పొడిచేది. సింహాద్రి వేట నుంచి వచ్చి సంగతి విని, మరదలితో నెల రోజులు మాట్లాడలేదు. ఎండాకాలం దాటేసరికి పైడితల్లి ఒంటికి కాస్త కండ పట్టింది. మందుల కోర్సు ముగిసిన రోజు రెండోసారి తీసిన ఫిల్ములో మబ్బు కరిగిపోయి గీతలా మిగిలిందని డాక్టరమ్మ చూపించింది. గంగ మెడ గడ్డలు కూడా కరిగిపోయాయి. పైడితల్లి మళ్లీ రేవుకు వెళ్లడం మొదలుపెట్టింది. కాని ఎం.వి.పి. కాలనీలో ఎవరైనా “మీ చెల్లెలు ఎలా ఉంది?” అని అడిగితే, పైడితల్లి బాగానే ఉందని చెప్పి చేప తూకం మీదికి మాట మార్చేసేదట. ఆ మాట కుసుమకు కొనేవాళ్లే చెప్పారు.

మరుసటి ఏడు కుసుమ తన ఛాతీని తనే చూపించుకుని, పాత కాగితాలన్నీ డాక్టరు బల్ల మీద పెట్టి మాల్దీవులు వెళ్లింది. ఓ చిన్న దీవిలో బడి. పిల్లలు ఇంగ్లీషు పద్యాలు పాటల్లా పాడేవారు. ప్రతి ఆదివారం ఇంటికి ఫోను చేసేది. పైడితల్లి వేలం కబుర్లు, పేటలో గొడవలు, బోటుకు ఇంజను మార్చిన సంగతి, అన్నీ చెప్పేది. ఒంట్లో ఎలాగుందప్పా అని అడిగితే మాత్రం ఫోను గంగ చేతికి ఇచ్చేసేది. అమ్మ బాగానే ఉందని గంగ చెప్పేది. కుసుమ సరేననేది. ఫోను పెట్టేశాక అది నిజమేనా అని, వారం తిరిగే దాకా ఆలోచిస్తూనే ఉండేది.