కత్తి తగలని తలనీలాలు

దువ్వాడ స్టేషన్ చుట్టుపక్కల వరహాలుతో వాదన పెట్టుకుని, నెగ్గి ఇంటికెళ్లినవాడు లేడు. పొలం ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయిననాడు గొలుసులతో వచ్చిన సర్వేవాళ్లను ఆమె గట్టు మీదే నిలబెట్టింది. ఆఖరి వరిమోపు ఇల్లు చేరాకే వాళ్లను చేలోకి దిగనిచ్చింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ కట్టే కూలీలకే స్టేషన్ బయట ఇడ్లీలమ్మింది. మంచులో ముందు ఆమె గొంతు వినిపించేది, ఆ తర్వాతే పొయ్యి వెలుగు కనిపించేది.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో ఆమె ఎడమ రొమ్ములో గడ్డ లేచింది. కోసి తీసేశారు. దాని మొలకలు ఒంట్లో ఎక్కడ దాక్కున్నా చావాలంటే మూడేసి వారాలకో ఇంజక్షన్ పడాలన్నారు. కోడలు బతికితే తలనీలాలిప్పిస్తానని అత్త నారాయణమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కింది. నడుం దాటిన జుట్టు మరి. దేవుడికైనా ఆశ పుడుతుంది.

మొదటి ఇంజక్షన్ నాడు ఆసుపత్రిలో, కాకినాడ నుంచి వచ్చిన నర్సు కామేశ్వరి చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని కూర్చుంది. మందు ఎర్రగా ఉంది, సాయంకాలం ఒక చుక్కై సూదిలోకి దిగినట్టు.

"మందెక్కేటప్పుడు మంట పుడితే వెంటనే చెప్పాలమ్మా. ఓర్చుకోవద్దు. నరం దాటి బయటికి జారిందంటే కండను కాల్చేస్తుంది."

"ఓర్చుకోడం నాకు సేతకాదమ్మా. కావాలంతే మా అత్తనడుగు."

"దానికదొక్కటే సేతకాదు," అంది నారాయణమ్మ.

కామేశ్వరి నవ్వి మిగతావీ చెప్పింది. వాంతులవుతాయి. ఒంటేలు ఎర్రగా వస్తుంది, అది మందు రంగే, రక్తం కాదు. రెండో వారంలో రక్తం బలం తగ్గుతుంది. అప్పుడు చిన్న గాటు పడినా చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చు. మళ్లీ రక్తం పరీక్ష చేసేదాకా కత్తీ బ్లేడూ తగలకూడదు. జ్వరం తగిలితే తెల్లారేదాకా ఆగకుండా రావాలి.

"జుట్టు రాలుతుంది. మందు ఆపాక మళ్లీ వస్తుందిలెండి."

నారాయణమ్మ గభాల్న లేచింది. "రాలిపోద్దా? అది అప్పన్న సొమ్మమ్మా!"

వాంతులు తగ్గాయి, నోట్లో పుళ్లు లేచాయి. చల్లటి గంజి తప్ప ఏదీ దిగలేదు. ఒక పొద్దున దువ్వెన నిండా జుట్టు వచ్చింది. నారాయణమ్మ ఆ ఉండను కళ్లకద్దుకుంది.

"రేపే కొండకెల్దాం. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెద్దాం. దేవుడి సొత్తు పెంటలో పోసేత్తావేటే?"

"నర్సమ్మ ఏటందో ఇన్నావు గదత్తా. మళ్లా రగతం పరీచ్చ సేసేదాకా కత్తి తగలకూడదు. గాటు పడితే తట్టుకునే సత్తువ నాకిప్పుడు నేదు."

"అప్పన్న కాడ కత్తికి పాపముంతాదేటి?"

వరహాలు మొగుడి వైపు చూసింది. గవర్రాజు కంచంలోంచి తలెత్తలేదు. "అమ్మ మాట కాదన్నేనే."

"నా మాటైతే కాదనగల్వు. బాగుంది. ఎల్దాం పద. అప్పన్నతోనే తేల్సుకుంతాను."

కొండ మీద జనం పలచగా ఉన్నారు. గాలికి సంపెంగల వాసన మెట్టుమెట్టుకీ ఆగి, మళ్లీ ఎక్కుతోంది. తలనీలాలు తీసే అతను, పేరు గురువులు, ఆమె తల తడిపి, కత్తి రాతి మీద నూరాడు. వరహాలు ఒడుపుగా అతని మణికట్టు పట్టుకుంది.

"బాబూ, కత్తి పక్కనెట్టు."

"కత్తి నేకుండా గుండేటమ్మా? మంత్రమేత్తే రాలుద్దా?"

"నాను మందు మీదున్నాను. గాటు పడితే సచ్చిపోతాను."

"నలబయ్యేల్ల సెయ్యమ్మా ఇది. సీమంత గాటు పడదు."

"కూకోయే, నలుగురూ సూత్తన్నారు," నారాయణమ్మ భుజం నొక్కింది.

"సూడనీ. పొలమడిగితే ఇచ్చేను. రొమ్ము కోత్తామంతే కోయించుకున్నాను. ఇంక నా ఒంటి మీద కత్తి ఎప్పుడు పడాలో నానే సెప్తాను."

కుడిచేయి తడిజుట్టులోకి పోనిచ్చి లాగింది. తడి నేలలోంచి వేరుశనగ మొక్క వచ్చినట్టు గుప్పెడు జుట్టు చప్పుడు లేకుండా వచ్చేసింది. రక్తం లేదు, నొప్పి లేదు. దాన్ని బుట్టలో వేసింది. మళ్లీ లాగింది.

"అప్పన్నా, నువ్వడిగింది నా సేత్తో ఇత్తన్నాను. నానడిగింది నువ్వియ్యి."

గురువులు కత్తి మడిచి ఒడిలో పెట్టుకున్నాడు. పక్కన గుండు చేయించుకుంటున్న వాళ్లు సగం గుండ్లతోనే తిరిగి చూశారు.

వెనక జుట్టు అందలేదు. ఆపరేషన్ అయినప్పట్నించి ఎడమచేయి భుజం దాటి లేవదు. ఒకసారి ప్రయత్నించి, పళ్లు కొరికింది. అప్పుడు వెనక గాజుల చప్పుడయింది. నారాయణమ్మ మోకాళ్ల మీద కూలబడి, మెడ మీది జుట్టును వేళ్లతో మెల్లగా తీయడం మొదలుపెట్టింది.

"గోరు గీరకత్తా."

"నోరు ముయ్యే," అంది నారాయణమ్మ, ముక్కు చీదుకుంటూ.

బుట్ట నిండింది. గురువులు వంగి చూశాడు. "నడినెత్తిన గుప్పెడు ఉండిపోనాదమ్మా. ఎంత లాగినా రాదు, మొండిగా ఉంది."

"ఉండనీ," అంది వరహాలు, తడిచిన తల మీద కొంగు కప్పుకుంటూ. "దానికీ నా బుద్దే వచ్చినట్టుంది. సోమారం రెండో ఇంజక్షన్. దాన్ని ఆ మందుతోనే తేల్సుకోమందాం."