మామయ్య విరిగిన పన్ను

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. గాలి సోకిందన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ నమ్మను. అందుకే ఈ ముచ్చట చెప్పాలంటే నాకే ఇబ్బందిగా ఉంది.

రెండువేల ఎనిమిదిలో నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు డ్రాయింగ్ చెప్పేదాన్ని. ఆయిల్ రంగులతో మనిషి ముఖం వేయాలన్న పిచ్చి పట్టించింది మా అత్తమ్మ. మా ఆయన ఉయ్యాలలో ఉండగానే మామయ్య పోయాడు. ఒక్క ఫొటో లేదు. పెత్రమాస, అదే పెద్దల అమావాస్య నాడు అందరూ తమ పెద్దల ఫొటోలకు దండలు వేస్తే, అత్తమ్మ ఆయన తలకు చుట్టుకునే రుమాలు మడిచి పీట మీద పెట్టి, దానికి దండ వేసేది.

ఆమె కళ్లకు పొర కమ్ముతోంది.

"పిల్లా, నా కండ్లు పోకముందే గాయన మొకం ఒక్కసారి సూపియ్యి" అని నా వెంటపడింది.

ఆమె చెప్పిన గుర్తులతో పెన్సిల్ బొమ్మలు ఎన్ని వేశానో! అన్నిటికీ ఒకటే మాట: "గీయన ఎవరో నాకెర్కలేదు." నాకు చిర్రెత్తుకొచ్చేది.

బడిలో పెద్ద డ్రాయింగ్ సారు, ముందు ఒక మంచి బొమ్మ చూసి వేస్తే చెయ్యి కుదురుతుందని ఒక అచ్చుబొమ్మ ఇచ్చాడు. ఎప్పుడో నాలుగు వందల ఏళ్ల కిందటి యూరప్ బొమ్మ, బరోక్ కాలం నాటిదట. టోపీ పెట్టుకున్న పడుచువాడు, చేతిలో గ్లాసు, పళ్లన్నీ కనిపించే నవ్వు. వెలుతురు ఒక పక్క నుంచే, మిగతా అంతా చీకటి. నేను గళ్లు గీసుకుని, కాన్వాసు బట్టంతా ముదురు గోధుమరంగు పూసి, ఆ చీకట్లోంచి ముఖాన్ని పైకి తెచ్చాను. అబ్బ, ఎంత బాగా వచ్చిందో!

ఒక్క పన్నే సతాయించింది. ముందుపన్ను మూల నల్లబడేది. తెల్లరంగు వేస్తే, తెల్లారేసరికి మళ్లీ విరిగినట్టు కనిపించేది. అచ్చుబొమ్మలో ఆ పన్ను నిండుగానే ఉంది. సారు మా ఇంటికే వచ్చి, భూతద్దం పెట్టి మరీ చూశాడు. కింది రంగు పైకి వస్తోందేమోనని తనే దిద్దాడు. పొద్దున చూస్తే మళ్లీ అంతే.

"గిదేం పరేషానమ్మా" అని చేతులెత్తేశాడు.

ఆ మధ్యాహ్నం చాయ్‌కి పిలవడానికి అత్తమ్మ నా గదిలోకి వచ్చింది. బొమ్మ చూసి ఆగిపోయింది. చప్పున కొంగు తల మీదికి లాక్కుంది.

"పన్ను సంగతి నీకెవరు చెప్పిండ్రు పిల్లా?"

పెళ్లినాడు గొప్పకు పోయి పోకచెక్క కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడట మామయ్య. నలుగురిలో మూతి బిగించుకునే ఉండేవాడట. ఆమె దగ్గరే నవ్వేవాడు. ఈ మాట ఆమె ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా.

"పగటిపూట అత్తమామల ముంగట మొగని మొకం సూసేటోళ్లమా? దీపం పక్కన సూసిందే. అగో, గట్లనే ఉండేటోడు" అని ఏడ్చింది, అంతలోనే నవ్వింది.

నా పెన్సిల్ బొమ్మలు ఎందుకు కుదరలేదో అప్పుడు అర్థమైంది; అవన్నీ పట్టపగటి ముఖాలు. వెలుతురు సంగతి సరే, మరి పన్ను?

"గా టోపీ తీసి రుమాలు కట్టు. గ్లాసు ఉండనీ, కల్లంటే పానం గాయనకు" అంది. అలాగే కట్టాను. పన్ను జోలికి ఇక పోలేదు.

మా ఆయన మాత్రం నవ్వాడు. "అమ్మకు సక్కగ కనవడదు. ఎవని బొమ్మ పెట్టినా నాయిననే అంటది."

నాకూ లోపల అదే అనుమానం. ఆ ఏడే సంగారెడ్డి దవాఖానలో ఆమె కళ్లకు ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకొస్తుంటే నాకు ఒకటే బెంగ. చూపు తేటపడ్డాక "గీయన ఎవరు" అంటే? పాపం, ఇన్నేళ్లకు దొరికిన మనిషి మళ్లీ పోతాడు కదా.

నల్లద్దాలు తీసిన రోజు పట్టపగలే బొమ్మ ముందు నిలబెట్టాను. చాలాసేపు చూసింది. మెల్లగా కొంగు ముందుకు లాక్కుంది.

"నువ్వు బయటికి నడువు పిల్లా. నీ ముంగట గాయన్ని సూడాలంటే సిగ్గైతుంది."

ఆ పన్ను ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం నవ్వాపుకుంటూ తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.