నేను లేకున్నా నడవాలని

మా బియ్యం మిల్లుల కంపెనీకి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆఫీసులున్నాయి. నేను మిర్యాలగూడలో కంప్యూటర్ల విభాగం చూసేదాన్ని. ఇల్లేమో సూర్యాపేటలో. పొద్దున పాప లేవకముందే బస్సెక్కి, అది పడుకున్నాక ఇల్లు చేరేదాన్ని. సూర్యాపేటకు బదిలీ అడిగినప్పుడల్లా మేనేజరుది ఒకటే మాట: "నువ్వు లేకుంటే ఈడ నడవదమ్మా." మొదట్లో మురిసిపోయాను. అది పొగడ్త కాదు, పలుపుతాడని తర్వాత తెలిసింది.

సరే, నేను లేకున్నా నడవాలని, ఏ సమస్యకు ఏం చేయాలో కంపెనీ పోర్టల్లో అందరూ చూసేలా రాయడం మొదలుపెట్టాను. కోదాడ ఆఫీసులో ఇదే పని చేసే ఆయన ఫోన్ చేసి హితబోధ చేశాడు. "అన్నీ రాసిచ్చేస్తే రేపు మిమ్మల్ని ఎవరు అడుగుతారండీ? కొంచెం దాచుకోవాలి."

"అడగొద్దనే రాస్తున్న సార్" అన్నాను.

రాయడం ఒక ఎత్తు, చదివించడం ఒక ఎత్తు. హెడ్డాఫీసు మెచ్చాలని ఇంగ్లీషులో రాస్తే ఒక్కరూ తెరవలేదు. గరిడేపల్లి నుంచి వడ్ల లారీ వచ్చి కాటా మీద నిలబడితే చాలు, కాటా ఆపరేటర్ ఫోను: "అక్కా, లారీ బరువు కంప్యూటర్ల వస్తలేదు, జర సూడవా?" మావాళ్లంతే, రాసింది కళ్లముందున్నా మనిషిని అడిగితేనే నమ్మకం. ఒళ్లు మండి, మొత్తం మేం మాట్లాడుకునే తెలుగులోకి మార్చాను. ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా జవాబు చెప్పడం మానేశాను. "పేజీ తెరువు. ఏం రాసుందో నాకు చదివి వినిపియ్" అనేదాన్ని.

"నీకెరికే కదక్కా, చెప్తే అయిపాయె!" అని విసుక్కుంటూనే చదివేవాళ్లు. సగంలో గొంతు మారేది. "ఆగక్కా... ఆఁ, వచ్చింది."

మరుసటి కోతలకు లారీలు బారులు తీరినా నా ఫోన్ మోగలేదు. పాడైందేమోనని తీసి చూసుకున్నాను కూడా. మేనేజరు పిలిచి, "ఇగ నువ్వు లేకున్నా నడుస్తది, సూర్యాపేటకు పో" అన్నాడు. నేను కోరుకున్న మాటే. అయినా మనసు చివుక్కుమంది. కోదాడాయన అన్నది అబద్ధమేం కాదు. బస్సులో కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

సూర్యాపేట ఆఫీసులో చేరిన మొదటి రోజు వెలుతురుండగానే ఇల్లు చేరాను. ట్యూషన్ నుంచి వచ్చిన పాప గుమ్మంలోనే ఆగిపోయింది. చెప్పులు కూడా విడవకుండా దగ్గరికొచ్చి, "జరమొచ్చిందా అమ్మా?" అని నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆదివారం కాని రోజు, జ్వరమొస్తే తప్ప ఆ వేళకు నేను ఇంట్లో ఉన్నదెప్పుడు మరి.