తొలి రోజా, తునికిపండు

నా చిన్నప్పుడు ఒక ఏడు రంజాన్ నెల నడివేసవిలో వచ్చింది. ఏన్కూరు ఎండలకు పెద్దవాళ్లకే నాలుక పిడచకట్టుకుపోతుంటే, నేనూ రోజా ఉపవాసం ఉంటానని మొండికేశాను. భక్తి కాదు. తొలి రోజా ఉన్న పిల్లకు కొత్త బట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, చుట్టాలందరినీ పిలిచి ఇఫ్తార్ పెడతారు. పక్కింటి అక్కకు పెట్టారు. నాకూ కావాలి.

మా నాయనమ్మ ముందే హెచ్చరించింది: "దొంగతనంగ గుక్కెడు నీళ్లు తాగినా పైవాడు చూస్తనే ఉంటడు." అన్నం పారేసినా, అబద్ధమాడినా ఆమెది ఇదే మాట. దాంతో పైవాడంటే నాకు బెత్తం పట్టుకున్న బడిపంతులే.

మాది గాజుల దుకాణం, ఇంటి ముందు గదిలోనే. రోజా ఉన్ననాడు మధ్యాహ్నం అక్కడ ఒక్కదాన్నే కూర్చున్నాననుకున్నాను. అడవి పల్లె నుంచి వచ్చే కోయ అవ్వ, ఎప్పటిలాగే కొంగు విప్పి రెండు తునికిపండ్లు నా చేతిలో పెట్టి వెళ్లింది. ఎప్పటిలాగే తినేశాను. గింజలు ఊసి నీళ్లకుండ మీద చెయ్యి వేసేదాకా రోజా సంగతే గుర్తు లేదు.

దండ పోయింది, చుట్టాల ముందు పరువు పోయింది, పైన బెత్తం లేచింది. నా ఏడుపుకు గాజుల పెట్టె వెనక నుంచి నాన్న లేచి వచ్చాడు.

"ఊకో బిడ్డా. యాది మరిచి తింటే రోజా పోదు. అల్లానే తినిపించిండనుకో," అన్నాడు.

నాకు నమ్మకం కుదరలేదు. "చూస్తనే ఉంటడు గద నాన్నా, మరి ఆపలేదేంది?"

నాన్న కాసేపు గాజులు సర్దాడు. "నేను గూడ చూసిన. పొద్దుగాల్నుంచి నోరెండిపోయి ఉంటివి. యాది చెయ్య మనసొప్పలే. రెండో పండు అయిపోయేదాక చప్పుడు చెయ్యలే. నాకే గట్లుంటే, ఆయనకెట్లుంటది?"

సాయంత్రం దండ వేశారు. దండలో చీమలుండి మెడంతా కుట్టాయి, అది వేరే సంగతి.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత తెలిసి చేసిన తప్పులు కూడా నాకు లేకపోలేదు. అయినా "పైవాడు చూస్తున్నాడు" అని ఎవరు బెదిరించినా నాకు బెదురు పుట్టదు. గాజుల పెట్టె వెనక, నా నోట్లో పండు అయిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్న మా నాన్న కనిపిస్తాడు.