మదర్‌బోర్డు కోసం ప్రార్థన

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నాకు డెబ్బై ఏళ్లు అనుకునేరు. నిజానికి ఏడెనిమిదేళ్ల కిందటి మాటే. కానీ అప్పటి నన్ను తలచుకుంటే ఎవరో దూరపు చుట్టం గుర్తొచ్చినట్టే ఉంటుంది. సన్నగా, మొండిగా, ఎవరేమన్నా ముందు "కాదు" అనేసి ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించే పిల్ల. (ఇప్పుడు సన్నగా మాత్రం లేను.) ఆ పిల్లకు కావలసింది ఒకటే, ఆటలాడుకునే కంప్యూటరు. చదువుకు కాదు, ఉద్యోగానికి కాదు, అచ్చంగా ఆటలకు. అడిగినవాళ్లందరికీ ఆ ముక్కే చెప్పేదాన్ని. "ప్రాజెక్టులు చేసుకోవాలె" అని ఒక్క అబద్ధం ఆడితే సగం గొడవలు తప్పేవి. కానీ మగపిల్లాడు ఆడుకుంటానంటే సరదా, ఆడపిల్ల ఆడుకుంటానంటే అదేదో జబ్బు అన్నట్టు మొహాలు పెట్టేవాళ్లు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. అందుకే అడగనివాళ్లకు కూడా పిలిచి మరీ చెప్పేదాన్ని.

మాది సెంటినరీ కాలనీలో బొగ్గు గనుల కంపెనీ ఇచ్చిన క్వార్టరు. బాపు, అంటే మా నాన్న, గనిలో ఎలక్ట్రీషియన్. నేను రోజూ బస్సెక్కి గోదావరిఖని వెళ్లి ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. ఆ బడి కంప్యూటర్లు ఎంత చురుకైనవంటే, స్విచ్చి వేసి, హాజరు పిలిచి, అల్లరి చేసిన ఇద్దరిని నిలబెట్టి, జాలిపడి మళ్లీ కూర్చోబెట్టేసరికి కూడా తెర నల్లగానే ఉండేది. ఇంట్లో హైదరాబాద్ బావ వాడి పారేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే చలికాలం స్వెట్టర్ అక్కర్లేదు. ఎనిమిది నెలలు టీ కూడా మానేసి జీతంలో కొంత వెనకేశాను. అమ్మ కంటికి ఆ డబ్బు నా చెవుల కమ్మలు. నా కంటికి మాత్రం ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, వీటన్నిటినీ పెట్టుకునే ఒక కేబినెట్ డబ్బా.

కొన్న రోజు కంటే ఏరుకున్న రోజులే బాగుండేవని ఇప్పుడనిపిస్తుంది. సంతకం చేయాల్సిన నోటుబుక్కులు ముందు పెట్టుకుని, వాటి కింద నా కాగితం దాచుకుని, రోజుకోసారి జాబితా మార్చేదాన్ని. సోమవారం మంచి ప్రాసెసరు కావాలనుకుంటే మంగళవారం గ్రాఫిక్స్ కార్డుకు చోటుండేది కాదు. కార్డు రాస్తే ర్యామ్ సగమయ్యేది. అద్దాల తలుపూ రంగురంగుల లైట్లూ ఉన్న కేబినెట్ మీద మనసు పడి, దానికోసం పూర్తిగా రెండు రోజులు ప్రాసెసరునే వదులుకున్నాను. (లోపల ఏమీ లేకపోయినా బయటికి వెలుగుతుంది కదా అనుకున్నానేమో, తెలీదు.) చివరికి రేకు డబ్బాతో సర్దుకుని, పవర్ సప్లై దగ్గర "ఏదో ఒకటి" అని రాసుకుని, అలా మిగిల్చినదాన్ని కార్డుకు కేటాయించాను. హైదరాబాద్ బావ బజారులో ధరలు కనుక్కుని ఫోన్లో చెప్పేవాడు. అంత పోట్లాటమనిషినైన నేను బాపుతో మాత్రం ఈ సంగతి అనలేదు. ఆయన వద్దంటే కాదనే ధైర్యం నాకు లేదు కాబట్టి అసలు అడగడమే మానేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా బొగ్గు బావుల దగ్గర బోర్డు అనే మాటకు ఒకటే అర్థం. అది డాక్టర్ల బోర్డు. గని పనికి ఒంట్లో శక్తి లేదనుకున్న కార్మికుడు ఆ బోర్డు ముందుకు వెళ్తాడు. వాళ్లు పరీక్షించి "అన్‌ఫిట్" అని రాస్తే ఆయన ఇంటికొస్తాడు, ఆయన ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వస్తుంది. అందుకని మా కాలనీలో "ఫలానా ఆయన బోర్డుకు పెట్టిండట" అంటే పెళ్లి కుదిరినంత వార్త. ఇంత తెలిసి కూడా, మా క్వార్టరు వెనక నీళ్ల నల్లా దగ్గర తప్ప ఎక్కడా సిగ్నల్ దొరకదు కనుక, ఒక సాయంత్రం నేను అక్కడ నిలబడి బావతో గట్టిగా మాట్లాడాను.

"బావా, ముందుగాల బోర్డు సంగతి తేల్చు. బోర్డు మంచిగ కుదిరితేనే మిగతా అన్నీ. పాతదాని ముచ్చట చెప్పకు. దానికి గాలి ఆడుతలేదు, జర పని చెయ్యంగనే వేడెక్కుతున్నది, నడుస్త నడుస్తనే ఆగిపోతున్నది. ఇంకెన్ని దినాలు గుంజుకొస్తం? బాపుకు ఇప్పుడే చెప్పకు. బోర్డు చేతికొచ్చినంక నేనే చెప్త."

గోడ అవతల బట్టలు ఉతుకుతున్నది పక్కింటి సైరన్ అత్తమ్మ. (గని సైరన్ కంటే ముందు ఆమె కూస్తుందని కాలనీ పెట్టిన పేరు.) ఆ మాటల్లో ఆమెకు ల్యాప్‌టాప్ ఎందుకు కనిపిస్తుంది? గాలి ఆడనిది, నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది మా బాపు గుండె అనుకుంది. ఉతుకుతున్న చీర నీళ్లలోనే వదిలేసి కాలనీకి చెప్పడానికి వెళ్లిందని తర్వాత తెలిసింది.

మర్నాటి నుంచి మా ఇంటికి బత్తాయిలు రావడం మొదలైంది. ఇచ్చినవాళ్లు ఏమీ అడిగేవారు కాదు. అమ్మ చేతిలో సంచీ పెట్టి, గుమ్మంలోంచి బాపు వైపు ఒకసారి చూసి, "మంచిగ చూసుకో చెల్లె" అని వెళ్లిపోయేవారు. మేం ముగ్గురం రెండు పూటలా రసం తాగాం, ఎందుకొచ్చాయో ఎవరికీ తెలీదు. మూడో రోజు బాపు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఏందో గీ పిలగాండ్లు ఇయ్యాల నా పనిముట్ల సంచి నన్ను మొయ్యనియ్యలే. 'నువ్వు కూసో అన్న, మేం చూసుకుంటం' అన్నరు. నాకంటే వాళ్లకు ఎక్కువ తెల్సా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే బెంగ ఎక్కువ వినిపించింది. ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా అబద్ధపు సిక్ లీవు పెట్టలేదని చెప్పుకునే మనిషి. నాకు అప్పటికీ విషయం తట్టలేదు. నా తలంతా ర్యామ్ రెండు ముక్కలు కొనాలా ఒకటే కొనాలా అన్నదాని మీదే ఉంది.

ఆదివారం చర్చిలో ఆరాధన సగమయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చదివారు. "మన సంఘ సహోదరుడొకరు గుండె బలహీనతతో బోర్డు ఎదుట నిలువబోవుచున్నారు. ఆయన గుండెను ప్రభువు ముట్టి స్వస్థపరచునట్లును, బోర్డులోని వైద్యులు ఆయనను అన్‌ఫిట్ అని ఒప్పుకొనునట్లును ప్రార్థన చేద్దము" అన్నారు. ఈ రెండిట్లో ఒకటి నెరవేరితే రెండోది చెడిపోతుందని అయ్యగారికీ తోచలేదు, సంఘానికీ తోచలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు. పాపం ఆ మనిషెవరోనని జాలిపడి అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది మా బాపే. ఆ తర్వాత అయ్యగారు బాపు పేరు పలికారు.

బాపు కళ్లు తెరిచి లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, నాకేం రోగమున్నది? నేను బోర్డుకు పెట్టిన్నని ఎవరు చెప్పిన్రు?" అన్నాడు. సంఘమంతా ఒకేసారి సైరన్ అత్తమ్మ వైపు తిరిగింది. ఆమె కొంగు సర్దుకుని, "నన్నెందుకు చూస్తరు? మీ బిడ్డనే ఫోన్ల చెప్పంగ నా చెవులతోటి విన్న. గాలి ఆడుతలేదన్నది, బోర్డు అన్నది, బాపుకు చెప్పకన్నది" అంది. అప్పుడు వెలిగింది నాకు. భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. కానీ చీలేలా లేదు కాబట్టి నేనూ లేచి నిలబడ్డాను. "అది మా బాపు బోర్డు కాదు అత్తమ్మా. కంప్యూటర్‌ది. మదర్‌బోర్డు!" అన్నాను. వెనక వరసలో ఒక ముసలి అవ్వ నోరు నొక్కుకుని, "అయ్యో ప్రభువా, మీ అమ్మను గూడ బోర్డుకు పెట్టిన్రా?" అంది. నవ్వు ఎక్కడ మొదలైందో గానీ అయ్యగారి దాకా వెళ్లింది. ఆయనే తేరుకుని, మనవి చదివాక వెనక్కి తీసుకోవడం పద్ధతి కాదని, "అమ్మాయి కంప్యూటరు నిమిత్తమై" అని మార్చి ప్రార్థన ముగించారు. కంప్యూటరు ఎందుకు అని ఎవరో అడగనే అడిగారు. "ఆటలకు" అన్నాను. చర్చిలో అబద్ధం ఎలాగూ ఆడకూడదు.

ఇంటికి వచ్చి గడప దాటగానే అమ్మే మొదలుపెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను, ఆమె బాపు వైపు తిరిగింది. "ఊరంత అనుకోనే అనుకున్నరు. నిజంగనే పెట్టుకోరాదు? నీ మోకాళ్లు ఎట్లున్నయో నాకు తెల్వదా? మెట్లు అడ్డంగ దిగుతున్నవ్. పిల్ల ఆ ప్రైవేటు బడిల ఎన్నేండ్లు ఉంటది? కంపెనీ నౌకరైతే దాని బతుకు దానికి ఉంటది" అంది. అమ్మ తప్పుగా ఏమీ అనలేదు. మోకాళ్ల సంగతి నిజమే. ఆ దారిన ఉద్యోగం తెచ్చుకున్న ఇళ్లు మా వీధిలోనే నాలుగు ఉన్నాయి, వాళ్లలో ఎవరినీ నేను తప్పుపట్టను. బాపు నా మొహం చూడకుండా, "నువ్వు చెప్పు బిడ్డా. నీకు కావాల్నంటే రేపే పెట్టుకుంట" అన్నాడు.

నాకు భయమేసింది. ఊ అంటే చాలు, ఆయన నిజంగానే వెళ్తాడు. సంచి మోయనివ్వలేదని బెంగపడ్డ మనిషి, పనికిరానని తన నోటితో చెప్పుకోవడానికి నా కోసం వెళ్తాడు. ఆ భయమే నోటి దాకా వచ్చేసరికి ఎప్పటిలా కోపమైంది. "నాకొద్దు బాపూ. నువ్వు పనికిరావని ఎవరో రాసిస్తే వచ్చే నౌకరీ నాకొద్దు. నా జీతం తక్కువైతే తక్కువ, అది నాదే. నాకు నా బోర్డే కావాలె!" అని అరిచాను. అమ్మ "ఆటలకేనా?" అని ఏడ్చింది. "ఆటలకే!" అన్నాను, నేనూ ఏడుస్తూనే. బాపు లేచి కడుపునిండా మంచినీళ్లు తాగి, "ఆ కాగితమేదో తే, చూస్త" అన్నాడు.

కళ్లద్దాలు పెట్టుకుని జాబితా మొత్తం చదివాడు. ప్రాసెసరు, ర్యామ్ దగ్గర ఏమీ అనలేదు. పవర్ సప్లై దగ్గర వేలు ఆగింది. "ఏదో ఒకటి అంటే ఏంది? గింత సామాను కొని, కరెంటిచ్చేదానికి ఏదో ఒకటా? అది కాలిందంటే దానితోటి అన్నీ కాలుతయి" అన్నాడు. మంచిది కొంటే గ్రాఫిక్స్ కార్డుకు మిగలదని వాదించాను. కార్డు లేకపోతే ఆటలు సరిగ్గా ఆడవని బతిమాలాను. "ఆడకుంటే ఆడకపాయె. వచ్చే ఏడాది కొనుక్కో. నా పైసలు మాత్రం ఇయ్య, నీ జీతం నీదేనంటివి గదా" అన్నాడు. ఆ మనిషి దగ్గర నేను ఆ రోజు గెలిచింది ఒకటి, ఓడింది ఒకటి. కార్డు కొట్టేసి మంచి పవర్ సప్లై రాశాను. బావ కొని పంపిన పెట్టెలు వచ్చిన రోజు బాపు షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా, మా క్వార్టరు ప్లగ్గుకు ఎర్తింగ్ లేదని కనిపెట్టి, గోడ పొడవునా తీగ లాగి నేలలో పాతాడు. డబ్బాలో బొగ్గు దుమ్ము పడకుండా గాలి దారికి అమ్మ పాత వోణీ ముక్క కట్టాడు. ఒక్క స్క్రూ కూడా తాను బిగించలేదు. పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాడు.

కార్డు లేని నా మిషన్‌లో ఆటలు నడిచాయి గానీ, చెట్లకు ఆకులుండేవి కావు, మనుషులకు ముక్కులు సరిగ్గా వచ్చేవి కావు. "మస్తున్నది" అనే అన్నాను అందరితో, ఓడిపోయినట్టు ఎవరికీ అనిపించకూడదుగా. మొదటి ఆదివారం బాపు కుర్చీ జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు. నా వీరుడు కత్తి దూసి ఒక పాడుబడ్డ గనిలోకి పరుగెత్తుతున్నాడు. బాపు ఠక్కున నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆగు! ఎక్కడికి ఉరుకుతున్నవ్? సపోర్టులు లేవు, మీద కప్పు చూడు ఎట్ల పగిలి ఉన్నదో. దిగకు బిడ్డా" అన్నాడు. అది ఉత్త బొమ్మ అని ఎంత చెప్పినా వినలేదు. లోపల నిధి ఉంది, దిగితే గానీ ఆట ముందుకు సాగదు. ఆ పూట నేను దిగలేదు. ఇద్దరం గని బయట గడ్డిలో ఆ వీరుణ్ణి నిలబెట్టి, వాడు ఊరికే ఊపిరి పీల్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నాం.

బాపు ఆఖరి రోజు దాకా తన సంచి తానే మోసుకుని రిటైరయ్యాడు. ఇప్పుడు నేను ఉండేది పెద్దపల్లిలో. లైట్లూ అద్దాలూ అన్నీ ఉన్న మిషన్ కొనుక్కున్నాను, అందులో చెట్లకు ఆకులే కాదు, ఆకులకు ఈనెలు కూడా కనిపిస్తాయి. అరిచి ఏడ్చి సాధించుకున్న ఆనాటి పిల్ల ఈ మిషన్ చూస్తే మెచ్చుకుంటుంది గానీ, నా ఆట చూస్తే మాత్రం తల కొట్టుకుంటుంది. గుహ గానీ గని గానీ రాగానే నా చెయ్యి ఆగిపోతుంది. ముందు తల పైకెత్తి కప్పు చూస్తాను, ఆలోపు ఎవడో వెనక నుంచి వచ్చి నన్ను పొడిచేస్తాడు. ఎవరి మాటా వినని మనిషిని, ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ వింటున్నాను.