పూతరేకుల గదిలో ఏసీ

మా ఇంట్లో ఫ్యాను ఆపి చేసే పనులు రెండే. ఒకటి దీపం పెట్టడం, రెండోది పూతరేకులు చుట్టడం. దీపం సంగతి నిమిషంలో తేలిపోతుంది. పూతరేకులతో అలా కుదరదు. బియ్యప్పిండితో కుండ మీద తీసిన ఆ రేకు ఎంత పల్చనంటే, దాని పక్కన గట్టిగా తుమ్మకూడదు. ఫ్యాను వేశామంటే ఇక గదంతా రేకులే, ఏరుకోవడమే మన పని. అందుకని తలుపులు మూసుకుని, ఫ్యాను కట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ చుట్టాలి. అదీ ఎప్పుడు? పెళ్ళిళ్ళన్నీ వేసవిలోనే కదా పెట్టుకుంటాం!

మా కోనసీమ చూడనివాళ్ళు, "అన్ని కాలవలు, అన్ని కొబ్బరిచెట్లు, మీకేమండీ, చల్లగా ఉంటుంది" అంటారు. ఒక్క మే నెల మధ్యాహ్నం వచ్చి మా వంటింట్లో కూర్చోమనండి, అప్పుడు మాట్లాడదాం. మాకు ఎండ కన్నా ఉక్క శత్రువు. ఒంటి మీద చెమట ఆరదు, తీగ మీద బట్ట ఆరదు.

కొత్తపేట దగ్గర మా ఊరు. రేకులు ఆత్రేయపురం నుంచి తెప్పించుకుని ఇంట్లోనే చుట్టుకుంటాం. ఇంటి ఆడపిల్ల కాపురానికి వెళ్ళేటప్పుడు సారెలో లడ్డూలు, కాజాలు ఎక్కడ కొన్నా ఫరవాలేదు గానీ, పూతరేకులు మాత్రం ఇంటి పెద్దావిడ చేత్తో చుట్టినవే పెట్టాలి. మా అత్తగారి అత్తగారు పెట్టిన ఆనవాయితీ అది. మా అత్తగారు తన ఇద్దరు కూతుళ్ళకీ అలాగే చుట్టి పంపారు. ఇప్పుడు మా అమ్మాయి పెళ్ళి కుదిరింది.

కుదిరింది సరే, కిందటి వేసవిలో అత్తగారికి వడదెబ్బ తగిలింది. పెరట్లో వడియాలు పెడుతూ ఉన్నట్టుండి ఒరిగిపోయారు. అమలాపురం ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించాక మనిషయ్యారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు, "మామ్మగారూ, ఇకమీదట ఫ్యాను లేకుండా కూర్చోడానికి వీల్లేదండి, మళ్ళీ ఇలా అయితే గుండె తట్టుకోలేదు" అని గట్టిగానే చెప్పారు. డాక్టరు గారేమో ఫ్యాను ఉండాలంటారు, రేకులేమో ఉండకూడదంటాయి. మధ్యలో మా అత్తగారు.

"కొనేద్దామండీ అత్తయ్యగారూ, ఇప్పుడు దుకాణాల వాళ్ళు బాగానే చేస్తున్నారు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"కొన్న పూతరేకులు పంపుతావా నా మనవరాలికి? అయితే వియ్యాలవారితో నన్ను కూడా కొట్లోనే కొనుక్కొచ్చేం అని చెప్పు" అన్నారు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. కాఫీ ఇస్తే తాగారు గానీ, గ్లాసుతో మాట్లాడినట్టు తాగారు.

మా అమ్మాయి ఇంకా గొప్పది. "మామ్మకి ఏమైనా అయితే నాకు సారె వద్దు, పెళ్ళీ వద్దు" అని భీష్మించుకు కూర్చుంది. ఆ మాట విని అత్తగారు దేవుడి గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు సందులోంచి చూద్దును కదా, కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆవిడతో నేను పోట్లాడని రోజు లేదు, నిజమే. కానీ ఆవిడ చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను చూడలేను.

అప్పుడు మా ఆయన రంగంలోకి దిగారు. ఆయనకి యంత్రాల పిచ్చి. అంతకు ముందు ఎవర్నీ అడగకుండా ఒక కూలరు కొనుక్కొచ్చారు. నీళ్ళు పోసి తిప్పితే ఉన్న ఉక్కకి ఇంకాస్త చెమ్మ తోడయ్యి, గోడలకి కూడా చెమట పట్టింది. పొడిగాలి ఊళ్ళలో అయితే నీరు ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుందట. మా గాలి అప్పటికే నిండా నీళ్ళు తాగి ఉంటుంది, ఇంకెక్కడ తాగుతుంది? ఆ కూలరులో ఇప్పుడు ఉల్లిపాయలు పోసుకుంటున్నాను. "ఈసారి అలా కాదు, ఏసీ. గాలి తక్కువ, చల్లదనం ఎక్కువ. అమ్మ హాయిగా కూర్చుని చుట్టుకుంటుంది" అన్నారు. వెనక శ్లాబు గదిలో పెట్టిస్తానన్నారు. నేను దణ్ణం పెట్టేశాను.

బిగించడానికి అమలాపురం నుంచి ఒకతను వచ్చాడు. అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, "ఇది చల్లగాలి ఎక్కణ్ణుంచి తెస్తుంది నాయనా?" అని అడిగారు.

"తేదండి మామ్మగారూ. గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ లోపలికి పీలుస్తుందండి. అందులో వేడిని ఈ రాగి గొట్టంలో ఉన్న గ్యాసు పుచ్చుకుని, బయట పెట్టె దగ్గర వదిలేసొస్తుందండి. మళ్ళీ లోపలికొచ్చి మళ్ళీ మోస్తుందండి. రోజంతా అదే పని, ఆయ్."

"అంటే వేడి ఎక్కడికీ పోదన్నమాట. మన గదిలోంచి ఎత్తి పిన్నిగారి గోడ మీద పోస్తాం" అన్నారు అత్తగారు. పిన్నిగారంటే పక్కింటావిడ, అత్తగారికి పూతరేకుల్లో తోడు. ఆ మాటతో బయట పెట్టె మా పెరటి వైపుకి మారింది. సన్న గొట్టం ఒకటి కిటికీ కిందకి వేలాడదీసి, దాని కింద బకెట్టు పెట్టమన్నాడతను. గాలిలో చెమ్మ కూడా లాగేస్తుందట, ఆ చెమ్మే నీళ్ళయి ఇలా కారుతుందట. అప్పుడు ఆ మాట మేమెవరం పట్టించుకోలేదు.

ఇల్లలకగానే పండగ కాదంటారు. మర్నాడు రేకులు దింపి, నెయ్యి కాచి, బెల్లం తురిమి, జీడిపప్పు దంచి గదిలోకి చేరాం. అత్తగారు, నేను, పిన్నిగారు. మా ఆయన రిమోటు పుచ్చుకుని, ఎంత తగ్గుతుందో అంత తగ్గించి, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. చలికి అత్తగారు శాలువా కప్పుకున్నారు. మే నెలలో, మా ఊళ్ళో, శాలువా! పిన్నిగారికి నవ్వాగలేదు.

నవ్వు ఎంతోసేపు లేదు. రేకు మెత్తబడ్డానికి పైన తడిబట్ట అద్దుతాం. అద్దింది అద్దినట్టే ఆరిపోతోంది. మడత పెట్టబోతే పటుక్కున విరుగుతోంది. ఇంకో రేకు తీస్తే అదీ అంతే. గిన్నెలో నెయ్యి పేరుకుపోయింది. వేలితో రాయబోతే రేకు వేలికి అంటుకుని చిరిగొచ్చింది. పైగా ఏసీ గాలి మెల్లగా వస్తున్నట్టే ఉండి, పై రేకుల్ని ఒక్కొక్కటే లేపి పిన్నిగారి తలమీద పెడుతోంది. చుట్టినవాటికన్నా ముక్కలైనవే ఎక్కువ.

అత్తగారు శాలువా తీసి పక్కన పడేశారు. "నా వల్ల కాదు. వంటింట్లోకి పోతాను. ఎప్పుడూ చుట్టినట్టే చుట్టుకుంటాను" అని లేచారు.

"వంటింట్లో ఫ్యాను లేకుండానా?"

"ఫ్యాను లేకుండానే."

"డాక్టరు గారు చెప్పింది మర్చిపోయేరా?"

"ఆయన మనవరాలి పెళ్ళి కాదు కదా!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రేకుల పళ్ళెం పట్టుకుని వంటింటి వైపు వెళ్తున్న మనిషిని చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. "మీకేమైనా అయితే ఆ పిల్ల జన్మలో పూతరేకు ముట్టుకుంటుందనుకుంటున్నారా? ఇక్కడ కూర్చోండి. కదిలితే ఊరుకోను" అని అరిచాను. ఇన్నేళ్ళలో ఆవిడ మీద అంత గొంతు ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడ బిత్తరపోయి కూర్చున్నారు. పిన్నిగారు గోడకేసి చూస్తున్నారు.

కోపం వస్తే నాకు చేతికి పని కావాలి. నేలంతా రేకుల పొడి, బెల్లం తురుము, అప్పుడే చీమలు బారులు కట్టాయి. కిటికీ కింద బకెట్టులో ఏసీ నీళ్ళు చాలానే చేరాయి, ఎత్తి తెచ్చాను. "ఆ నీళ్ళు తిండి దగ్గరికి తేకు, ఎక్కడెక్కడి గొట్టంలోంచి వచ్చేయో" అన్నారు అత్తగారు, అంత అలకలోనూ. "నేలకేలెండి" అని గుడ్డ ముంచి గది మొత్తం తడి తడిగా తుడిచి పారేశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మూలిగే నక్క మీద తాటిపండంటే ఇదే అనుకున్నాను. ఏసీ మూగబోయింది. అలిగినవాళ్ళు అలిగినట్టే, తలుపులు వేసిన గదిలో ముగ్గురం కూర్చున్నాం. గాలి లేదు, ఉక్కా లేదు. నేల నుంచి చల్లని చెమ్మ లేస్తోంది. అత్తగారికి ఊరికే కూర్చోవడం చేతకాదుగా! మాకు కనబడకుండా ఒక రేకు ఒళ్ళోకి తీసుకున్నారు. తడిబట్ట అద్దారు. కాసేపటికి నెయ్యి కాస్త జారుగా అయ్యింది. వేలితో రాసి, బెల్లం చల్లి, ఇటో మడత అటో మడత వేశారు. రేకు కిక్కురుమనకుండా మడతపడింది.

"అమ్మాయ్!" అన్నారు.

నేను చూశాను. పిన్నిగారు చూశారు. ఇంకో రేకు తీశారు, అదీ మడతపడింది. అప్పుడు తట్టింది నాకు, బకెట్టులోకి కారినవి మా రేకులకి కావలసిన చెమ్మేనని. గదిలోంచి లాగేసిన నీళ్ళని నేనే మళ్ళీ తెచ్చి నేలకి పూశాను. వేడి మాత్రం బయటే ఉండిపోయింది. ఏసీ ఆగాక గాలీ లేదు. రేకులకి కావలసింది సరిగ్గా అదే.

"మాట్లాడకు, చుట్టు" అన్నారు అత్తగారు. ముగ్గురం వంచిన తల ఎత్తలేదు. పళ్ళెం నిండుతోంది. ఆవిడ నుదుటి మీద ఒక్క చెమట బొట్టు లేదు. నేను మాటిమాటికీ అదే చూసుకుంటున్నాను. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంతలో గోడ మీద కీచుమని చప్పుడు చేసి ఏసీ మళ్ళీ మొదలైంది. కరెంటు వచ్చేసింది! ముగ్గురం ఒక్క గొంతుతో "ఆపండీ!" అని కేక పెట్టాం. వేసవిలో కరెంటు వచ్చిందని ఏడ్చినవాళ్ళు మా జిల్లాలో మేమేనేమో. తల్లికి ఏమైందోనని మా ఆయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చారు. రిమోటు ఎక్కడ పెట్టారో ఆయనకే తెలియదు. చివరికి ఆయన జేబులోనే దొరికింది.

అక్కణ్ణుంచి పని తీరే మారిపోయింది. ముందు రేకుల మీద తడిపంచె కప్పి ఏసీ వేస్తాం. అది తిరుగుతున్నంతసేపు ఎవరూ రేకు ముట్టుకోకూడదు. గది చల్లబడ్డాక ఆపి, నేల తుడిచి, చుట్టడం మొదలుపెడతాం. మళ్ళీ ఉక్కగా అనిపిస్తే కప్పేసి ఏసీ వేస్తాం. వేసినప్పుడల్లా అత్తగారు నడుం వాల్చక తప్పదు. పడుకోండని ఆవిడకి నేను వెయ్యిసార్లు చెప్పినా వినరు, రేకుల కోసమైతే బుద్ధిగా పడుకున్నారు! పడుకుని తన అత్తగారి మీద చాడీలు చెప్పేవారు. పిన్నిగారూ నేనూ దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వేవాళ్ళం. మా ఆయనైతే "నవ్విన నాపచేనే పండుతుంది" అని వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నారు.

ఆఖరి పూతరేకు చుట్టాక అత్తగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "చెమట పట్టకుండా చుట్టడం నా జన్మలో ఇదే. రుచి ఉంటుందంటావా?" అని అడిగారు. నిజంగానే బెంగగా అడిగారు. "తినేవాళ్ళు చెప్తారు లెండి" అన్నాను. డబ్బాల్లో సర్ది, మూతలు గట్టిగా బిగించాం. డబ్బా డబ్బాకీ ఆవిడే పసుపు బొట్టు పెట్టారు.

పెళ్ళి బాగా జరిగింది. పిల్లని విజయవాడ పంపించేశాం. సారె డబ్బాలు దాని కారులోనే పెట్టించారు అత్తగారు. వెళ్ళేముందు దాని చెవిలో, "రేకులు జాగ్రత్తే, ఏసీ తగిలితే పెళుసెక్కిపోతాయి" అని చెప్పారట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం ఫోను వచ్చింది. స్పీకరు పెట్టాను. "మామ్మా, చేరాం. దార్లో రెండు తినేశాను. అచ్చం అత్తలకి చుట్టినట్టే ఉన్నాయని నీ కూతుళ్ళకి చెప్పు" అంది. అత్తగారి మొహం చూడాలి అప్పుడు!

"అంత నీరసంగా ఉందేమే గొంతు?"

"ఉండదా మరి? ఏసీ తగిలితే పెళుసెక్కుతాయన్నావు కదా. మన ఊరి నుంచి ఇక్కడి దాకా కారులో ఏసీ వెయ్యనివ్వలేదు. ఈయన పట్టుబట్టల్లో తడిసి ముద్దయిపోయేరు."

అత్తగారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. "ఓసి పిచ్చిమొహమా! మూత బిగించిన డబ్బాకి ఏసీ ఏం చేస్తుందే! నేను చెప్పింది విప్పాక సంగతి!" అని గట్టిగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. అవతల అల్లుడి గొంతు వినిపించింది. "పర్లేదండి మామ్మగారూ. మీరు అంత కష్టపడి చుట్టేరు కదండీ, ఆ కాస్త ఉక్క ఓర్చుకోలేమాండీ?"

అత్తగారు నవ్వు ఆపేసి నా చెయ్యి పట్టుకున్నారు. ఫోనుకి దగ్గరగా వంగి, "చల్లగా ఉండండి నాయనా, ఇద్దరూ. ముందు లేచి ఆ ఏసీ వేసుకోండి" అన్నారు.